శత్రు దేశానికి చెల్లింపు: పార్లమెంటుకు ముందే చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారాలు. పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న జరిగిన ఘాతుకం తరువాత, మరునాడే కేంద్ర ప్రభుత్వం సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. నాటి నుంచి ఆ ఒప్పందం గురించి తెలుగు పత్రికలలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఏ నది ఎవరి వాటాకు వచ్చింది, ఎంత నీరు వదులుకున్నాం అనే విషయాలు వాటిలో విపులంగా ఉన్నాయి. ఆ ఒప్పందం కింద మనం నీటితో పాటు డబ్బు కూడా ఇచ్చామన్న సంగతిని మాత్రం చాలామంది ఒక వాక్యంతో దాటవేశారు. ఆ డబ్బు గురించీ, అటువంటి చెల్లింపులపై చట్టసభలకు ఉండవలసిన పట్టు గురించీ కొంచెం వివరంగా రాయాలని ఈ లేఖ.

నేను మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ లెక్కల విభాగంలో బిల్లులు పరిశీలించి పదవీ విరమణ చేసినవాడిని. ఒక గుమాస్తా ప్రయాణ భత్యం బిల్లు బల్ల మీదికి వచ్చినా, మంజూరు ఉత్తర్వు ఉందా, బడ్జెట్‌లో కేటాయింపు ఉందా, పద్దు సరిగా వేశారా అని చూడకుండా సంతకం పెట్టకూడదని మాకు నేర్పారు. ఆ కళ్లతో చూసినప్పుడు, మనతో యుద్ధాలు చేసిన దేశానికి వెళ్లిన సొమ్ము విషయంలో ఆ క్రమం తలకిందులుగా జరిగిందని నాకు అనిపిస్తుంది. ముందు మాట ఇచ్చారు, తరువాత సభకు చెప్పారు, ఆపైన ఏటా కేటాయింపు అడిగారు.

సింధు జలాల ఒప్పందంపై 1960 సెప్టెంబరు 19న కరాచీలో ప్రధాని నెహ్రూ, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. మన వాటాకు వచ్చిన తూర్పు నదుల (రావి, బియాస్, సట్లెజ్) నీటిపై అప్పటిదాకా ఆధారపడిన పాకిస్తాన్ కాలువలకు, ఆ దేశం వాటాకు వెళ్లిన పశ్చిమ నదుల (సింధు, జీలం, చీనాబ్) నుంచి నీరు మళ్లించుకోవడానికి అయ్యే నిర్మాణాల ఖర్చులో భాగంగా, 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌండ్లు ఇస్తామని అందులోని ఐదో అధికరణంలో భారతదేశం ఒప్పుకుంది. పది సమాన వార్షిక వాయిదాలు, వాయిదా ఒక్కంటికి 62 లక్షల 6 వేల పౌండ్లు, గడువు ఏటా నవంబరు 1. సొమ్ము నేరుగా పాకిస్తాన్ ఖజానాకు కాక ప్రపంచ బ్యాంకు నిర్వహించే నిధికి చేరుతుంది. అప్పటి మారకం రేటు ప్రకారం పౌండు 13 రూపాయల 33 పైసలు, కాబట్టి మొత్తం దాదాపు 83 కోట్ల రూపాయలు.

లోక్‌సభలో దీనిపై చర్చ జరిగింది నవంబరు 30న, అంటే సంతకాలు పడిన 72 రోజులకు. విపక్ష సభ్యులే కాదు, అధికార కాంగ్రెస్ సభ్యులు కూడా ఆనాడు గట్టిగా విమర్శించారు. ఒప్పందం ధ్రువీకరణ ఆ తరువాత 1961 జనవరిలో జరిగింది కనుక సభకు అసలు చెప్పనే లేదనడం న్యాయం కాదు. అయితే సభ ఆమోదం ఆ ధ్రువీకరణకు షరతు కాదు. సభ ఏమన్నా ప్రభుత్వం తన దారిన ముందుకు పోగలదు, పోయింది కూడా. ఇక ఆ తరువాత ప్రతి బడ్జెట్‌లోనూ ఆ వాయిదాకు కేటాయింపు అడిగేటప్పటికి అది దేశం ఇచ్చిన మాట. దాన్ని కాదనడమంటే అంతర్జాతీయ ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అవుతుంది. కేటాయింపు ఇవ్వడం తప్ప సభ్యులకు మరో దారి లేదు.

ఆ ఐదో అధికరణంలోనే ఇంకొక వాక్యం ఉంది. లెక్కల వాడిని కాబట్టి నా చూపు దాని మీద నిలిచింది. ఏ కరెన్సీ విలువ ఎలా మారినా పౌండ్లలో చెప్పిన మొత్తం మారదని ఆ వాక్యం చెబుతుంది. 1966 జూన్ 6న రూపాయి విలువను తగ్గించారు, పౌండు 21 రూపాయలైంది. అంతకుముందు 8 కోట్ల 27 లక్షల రూపాయలతో సరిపోయిన వాయిదా, ఆ ఏడాది నవంబరు 1 నాటికి 13 కోట్లు దాటింది. మన రైతు, మన కూలి కట్టిన పన్నుల నుంచి ఒక్క వాయిదాకే అదనంగా పోయినది 4 కోట్ల 75 లక్షల పైమాటే. అవి కరువు రోజులు, విదేశీ గోధుమల కోసం ఓడల వైపు ఎదురు చూసిన రోజులు. అంతకుముందు సంవత్సరం, 1965లో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడాది కూడా వాయిదా ఆగలేదు. ఒప్పుకున్న బాకీని యుద్ధంలోనూ తీర్చడం గౌరవప్రదమని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనలో బలం లేకపోలేదు. నేను అడిగేది మారకం భారం ఎవరు మోయాలన్న ఆ షరతును సంతకానికి ముందు ఏ పార్లమెంటరీ సంఘమైనా చదివిందా అని. పది మంది సభ్యులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ అధికరణాన్ని అక్షరం అక్షరం చదివి ఉంటే ఈ ప్రశ్న వాళ్లలో ఒకరైనా లేవనెత్తి ఉండేవారని నా నమ్మకం.

అదే 1960లో మన రాజ్యాంగ వ్యవస్థ మరో విషయంలో ఎంత కట్టుదిట్టంగా నడిచిందో గుర్తు చేసుకోవడం మంచిది. 1958లో నెహ్రూకూ, పాకిస్తాన్ ప్రధాని నూన్‌కూ కుదిరిన అంగీకారం ప్రకారం పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారి ప్రాంతంలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇవ్వవలసి వచ్చినప్పుడు, భూభాగాన్ని వదులుకోవడానికి కార్యనిర్వాహక నిర్ణయం చాలదనీ, రాజ్యాంగ సవరణ కావాలనీ సుప్రీంకోర్టు 1960 మార్చిలో అభిప్రాయం చెప్పింది. ఆ ప్రకారమే తొమ్మిదో సవరణ వచ్చింది. ఒక చిన్న నేల ముక్కకు పార్లమెంటు ఉభయ సభలలోనూ మూడింట రెండు వంతుల మద్దతు అవసరమైంది. 83 కోట్ల రూపాయలకు, అదీ అదే దేశానికి, ముందస్తు ఆమోదం అక్కరలేకపోయింది. నేలకు ఉన్న కాపలాలో పదో వంతైనా ఖజానాకు ఎందుకు ఉండకూడదు?

ఇది ఒక్క నెహ్రూ తప్పుగా చూపించే ధోరణి ఇటీవల కనిపిస్తోంది. 2025 జూలైలో ఆపరేషన్ సిందూర్‌పై పార్లమెంటులో జరిగిన చర్చలో కూడా ఆ ఒప్పందం ప్రస్తావనకు వచ్చింది. చరిత్రను పరిశీలించడం మంచిదే. కానీ 1960లో ఏ నిబంధన లేదో, నేటికీ అది లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం ఒప్పందాలపై శాసనం చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది, 253వ అధికరణం వాటి అమలుకు చట్టాలు చేసే అధికారం ఇచ్చింది. ఒప్పందాలు ఎలా చేసుకోవాలో, సభ ముందు ఎప్పుడు పెట్టాలో చెప్పే చట్టం మాత్రం ఏ ప్రభుత్వమూ తేలేదు. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన పనిచేసిన రాజ్యాంగ సమీక్షా కమిషన్ 2002లో అటువంటి చట్టం కావాలని సిఫారసు చేసింది. ఆ తరువాత అన్ని ప్రధాన పక్షాలూ అధికారంలో భాగం పంచుకున్నాయి, సిఫారసు అలాగే ఉండిపోయింది. ఒప్పందం చేసుకోవడం ఎలాగో దాన్ని నిలిపివేయడం కూడా అలాగే, మంత్రివర్గ భద్రతా సంఘంలోనే తేలింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టడం లేదు. పద్ధతి అదే అని చెబుతున్నాను.

ఇక 55 కోట్ల సంగతి. దీని గురించి అబద్ధాలు చాలా ప్రచారంలో ఉన్నాయి కనుక ముందు వాస్తవం చెప్పుకోవాలి. అది గాంధీజీ అడిగి ఇప్పించిన దానం కాదు. విభజన సమయంలో అవిభక్త భారత ఖజానాలోని నగదు నిల్వల నుంచి పాకిస్తాన్ వాటా 75 కోట్లని ఉభయులూ అంగీకరించారు. అందులో 20 కోట్లు అధికార బదిలీ నాడే ఇచ్చారు, మిగిలినది 55 కోట్లు. 1947 డిసెంబరులో కుదిరిన ఈ సర్దుబాటును సర్దార్ పటేల్ శాసనసభగా కూర్చున్న రాజ్యాంగ సభకు తెలియజేశారు. అప్పటికే కాశ్మీరులో పోరు నడుస్తోంది. ఆ డబ్బు మన సైనికుల మీదికే తూటాలై వస్తుందన్న భయంతో, కాశ్మీరు తేలేదాకా చెల్లింపు ఆపాలని మంత్రివర్గం నిశ్చయించింది. పటేల్ 1948 జనవరి 12న పత్రికల వారికి ఆ వైఖరి వివరించారు. జనవరి 13న గాంధీజీ, ప్రధానంగా ఢిల్లీలో మతసామరస్యం కోసం, ఉపవాసం మొదలుపెట్టారు. జనవరి 15న చెల్లింపు నిర్ణయం వెలువడింది.

ఆ బాకీ తీర్చడం సరైనదేనని నా అభిప్రాయం. ఒప్పుకున్న వాటాను ఎగవేయడం కొత్తగా పుట్టిన ప్రభుత్వానికి తగదు. అయినా ఆపాలన్న నిర్ణయమూ, మూడు రోజులలో దాన్ని తిప్పుకున్న నిర్ణయమూ రెండూ మంత్రివర్గంలోనే జరిగాయి. ఒక సభలో, ప్రజల ముందు, కారణాలు చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి చేసి ఉంటే ఆ చెల్లింపు చుట్టూ అల్లుకున్న విషప్రచారానికి అంత సందు దొరికేది కాదేమో. గాంధీజీ హత్యను సమర్థించుకోవడానికి హంతకులు వాడుకున్న సాకులలో ఈ 55 కోట్లు ఒకటని తెలిసినవారికి, ఒక చెల్లింపు ఎలా జరిగిందన్నది ఎంత బరువైన విషయమో వేరే చెప్పనక్కరలేదు.

మా హైదరాబాద్ అనుభవం ఇందుకు పూర్తిగా అవతలి కొస. ప్రజలకు జవాబుదారీ అయిన శాసనసభ లేని నిజాం ప్రభుత్వం, భారతదేశంతో యథాతథ ఒడంబడిక అమలులో ఉండగానే, 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలను పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఢిల్లీ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన రోజులలోనే నిజాం ప్రభుత్వ ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ద్వారా 10 లక్షల 7 వేల 940 పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలోకి వెళ్లాయి. ఆ డబ్బు ఎవరిదని తేలడానికి 71 ఏళ్లు పట్టింది. 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు భారతదేశానికీ, నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పేనాటికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తెలంగాణ రైతు కట్టిన శిస్తు, అడిగేవారు లేకపోతే ఎంత దూరం పోతుందో ఈ ఒక్క ఖాతా చెబుతుంది.

చట్టసభలు బలంగా ఉన్నాయని పేరున్న చోట కూడా ఇటువంటి సొమ్ము పక్కదారి నుంచి వెళ్లగలదు. అమెరికా 2016 జనవరిలో ఇరాన్‌కు 170 కోట్ల డాలర్లు చెల్లించింది. ఇరాన్ రాజు షా కాలంలో ఆయుధాల కొనుగోలుకు ఇరాన్ కట్టిన 40 కోట్ల డాలర్లు 1979 విప్లవం తరువాత అమెరికా దగ్గర ఉండిపోయాయి. హేగ్‌లోని ట్రిబ్యునల్ ముందు దశాబ్దాలుగా నలుగుతున్న ఆ దావాను రాజీ చేసుకుంటూ, సుమారు 130 కోట్ల వడ్డీ కలిపి ఇవ్వడానికి ఒబామా ప్రభుత్వం ఒప్పుకుంది. రాజీ కుదిరిన సంగతి జనవరి 17న బహిరంగంగానే ప్రకటించారు. కానీ మొదటి 40 కోట్లు యూరోలు, స్విస్ ఫ్రాంకుల వంటి విదేశీ నోట్ల కట్టలుగా విమానంలో వెళ్లాయని, అది ఇరాన్ చెరలోని అమెరికన్ల విడుదలతో ఒకే సమయంలో జరిగిందని ఆగస్టులో పత్రికలు రాసేదాకా ప్రజలకు తెలియలేదు. అమెరికన్లు విమానం ఎక్కేదాకా డబ్బు చేతికి ఇవ్వకుండా ఆపామని విదేశాంగ శాఖ ప్రతినిధి ఆ తరువాత ఒప్పుకున్నారు. ఇది బందీలకు కట్టిన మూల్యమని ఒక పక్షం, పాత బాకీ మాత్రమేనని మరో పక్షం నేటికీ వాదించుకుంటున్నాయి.

నా దృష్టి ఆ వడ్డీ ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపై ఉంది. ప్రభుత్వంపై వచ్చే కోర్టు తీర్పులు, రాజీల చెల్లింపు కోసం 1956లో అమెరికన్ కాంగ్రెస్ ఒక శాశ్వత నిధిని ఏర్పాటు చేసింది. దానికి ఏటా కేటాయింపు అడగనక్కరలేదు, మొత్తానికి పరిమితి లేదు. చిన్నచిన్న దావాల కోసం సభ ప్రతిసారీ ఓటు వేసే శ్రమ తప్పించడానికి పెట్టిన ఆ ఏర్పాటు నుంచి, ఉగ్రవాదాన్ని పోషించే దేశంగా ఆ ప్రభుత్వమే ముద్ర వేసిన ఇరాన్‌కు 130 కోట్ల డాలర్లు సభ ఓటు లేకుండా పోయాయి. ఆ సొమ్మును 9 కోట్ల 99 లక్షల 99 వేల 999 డాలర్ల 99 సెంట్ల చొప్పున 13 చెల్లింపులుగా, మిగిలిన కోటి పైచిలుకును ఇంకో చెల్లింపుగా విడగొట్టారు. దానికి సాంకేతిక కారణం ఏదో ఉండే ఉండవచ్చు. కానీ నా సర్వీసులో ఒకే పార్టీకి, ఒకే రోజున, పరిమితికి ఒక పైసా తక్కువగా 13 బిల్లులు వచ్చి ఉంటే, వాటిని వెనక్కి పంపి వివరణ కోరకుండా నేను ఉండగలిగేవాడిని కాను. కాంగ్రెస్ సంఘాలు ఆ తరువాత విచారణలు జరిపాయి, సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఇటువంటి చెల్లింపులను నిషేధించే బిల్లును ఆమోదించింది. అది చట్టం కాలేదు. అప్పటికి డబ్బు టెహ్రాన్ చేరి ఏడెనిమిది నెలలయింది.

అటువంటి దారి మన రాజ్యాంగంలోనూ ఉందని మన పాఠకులలో ఎంతమంది గమనించారో నాకు తెలియదు. 114వ అధికరణం ప్రకారం సభ చట్టం ద్వారా అనుమతించకుండా (దీన్నే ద్రవ్య వినిమయం అంటారు) సంచిత నిధి, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా, నుంచి పైసా తీయకూడదు. కానీ 112వ అధికరణం మూడో ఖండంలో, ఏ కోర్టు లేదా మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పును తీర్చడానికైనా అవసరమయ్యే మొత్తాలు సంచిత నిధిపై నేరుగా పడే వ్యయంగా రాశారు. అటువంటి వ్యయంపై సభ చర్చించవచ్చు గానీ ఓటు వేయజాలదని 113వ అధికరణం చెబుతుంది. కోర్టు తీర్పును సభలో ఓడించే అవకాశం ఉండకూడదన్నది దాని ఉద్దేశం, అది సబబే. అయితే ఆ మధ్యవర్తిత్వం మరో దేశంతో అయినప్పుడు ఏం చేయాలో అక్కడ విడిగా రాయలేదు. దీనికి తోడు ఆగంతుక నిధి పరిమాణాన్ని 2021లో 500 కోట్ల నుంచి 30 వేల కోట్లకు పెంచారు. ముందు ఖర్చు చేసి తరువాత సభ ఆమోదం తీసుకునే వెసులుబాటు అరవై రెట్లయింది.

సాధారణ పద్దులు మాత్రం సభ శ్రద్ధగా చూస్తోందా అంటే అదీ లేదు. విదేశీ ప్రభుత్వాలకు ఇచ్చే అప్పులకు 7605, ఆర్థిక, సాంకేతిక సహకారానికి 3605 అని బడ్జెట్‌లో ప్రత్యేక పద్దులున్నాయి. ఎవరైనా తిరగేసి చూడవచ్చు. కానీ 2023 మార్చిలో దాదాపు 45 లక్షల కోట్ల రూపాయల వ్యయ పద్దులను లోక్‌సభ ఏ చర్చా లేకుండా గిలెటిన్ చేసి, అంటే అన్నింటినీ ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించిందంటే, ఆ పద్దుల కింద ఏ దేశానికి ఏ షరతుతో ఎంత వెళుతుందో అడిగే తీరిక ఏ సభ్యుడికి ఉంటుంది? కాగ్ నివేదిక వచ్చి, ప్రజాపద్దుల సంఘం దాన్ని చేపట్టే నాటికి చెల్లింపు జరిగి సంవత్సరాలు గడుస్తాయి. దేశం లోపలి ఖర్చులో అక్రమం దొరికితే ఆలస్యంగానైనా రాబట్టవచ్చు. సరిహద్దు దాటి శత్రు ప్రభుత్వం చేతిలో పడిన డబ్బును ఏ రికవరీ ఉత్తర్వుతో వెనక్కి తెస్తాం? అందుకే ఈ ఒక్క రకం చెల్లింపుకు తరువాతి తనిఖీ చాలదు, ముందు తనిఖీ కావాలని నా అభ్యర్థన.

నేను కోరే చట్టం పెద్దదేమీ కాదు. ఏ దేశాలకు వర్తించాలన్నది కష్టమైన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, 1968 నాటి శత్రు ఆస్తుల చట్టం అటువంటి నిర్వచనంతోనే ఇన్నేళ్లుగా నడుస్తోంది, మార్గం అక్కడే ఉంది. ఆ దేశాల ప్రభుత్వాలకు నేరుగా గానీ, అంతర్జాతీయ సంస్థ ద్వారా గానీ సొమ్ము చేరే ఏ ఒప్పందమైనా, రాజీ అయినా, అప్పు మాఫీ అయినా సంతకానికి ముందే విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం ముందుకు రావాలి. మొత్తం ఎంత, ఏ కరెన్సీలో, ఏ బ్యాంకు ద్వారా, ఎన్ని వాయిదాలలో, మారకం భారం ఎవరిది, యుద్ధం వస్తే వాయిదా ఆపే హక్కు ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. నిర్ణీత మొత్తం దాటితే ఉభయ సభల తీర్మానం కావాలి, చెల్లింపును ముక్కలు చేసి ఆ పరిమితిని తప్పించుకునే వీలు ఉండకూడదు.

రహస్యం పోతుంది, చర్చలు చెడతాయి అని ప్రభుత్వాలు అంటాయి. స్థాయీ సంఘాల సమావేశాలు ఎలాగూ తలుపులు మూసే జరుగుతాయి, సంఘంలో అన్ని పక్షాల సభ్యులూ ఉంటారు. వారిని నమ్మలేమనుకుంటే మన ప్రజాస్వామ్యానికి అంతకన్నా పెద్ద సమస్య ఇంకొకటి ఉన్నట్లే. ఆపద సాయం మాత్రం దీని నుంచి మినహాయించాలి. 2005 భూకంపం తరువాతా, 2010 వరదల తరువాతా పాకిస్తాన్‌కు మన దేశం రెండు కోట్ల 50 లక్షల డాలర్ల చొప్పున సాయం ప్రకటించింది. శిథిలాల కింద ప్రాణాలుండగా సంఘం సమావేశం కోసం ఎదురు చూడమని ఎవరూ అనరు. అలాంటి వాటిని ముందు ఇచ్చి, వారం రోజులలో సంఘానికి తెలియజేస్తే చాలు.

సింధు వాయిదాలు, 55 కోట్లు, ఇరాన్ చెల్లింపు అనే మూడు ఉదంతాలలోనూ ప్రభుత్వాలు చెప్పుకున్న సమాధానం ఇంచుమించు ఒకటే, అది వాళ్లకు రావలసిన సొమ్మే అని. కావచ్చు. కానీ బాకీ ఉండటం వేరు, దాన్ని ఎప్పుడు, ఏ రూపంలో, దేనికి ముడిపెట్టి తీర్చాలన్నది వేరు. నోట్ల కట్టలుగా పంపాలా, బ్యాంకు ద్వారా పంపాలా, యుద్ధం మధ్యలో ఇవ్వాలా, ఆగాలా అన్నవి లెక్కల ప్రశ్నలు కావు, విధాన నిర్ణయాలు. వాటికి సభ ముందు జవాబు చెప్పవలసిన బాధ్యత మంత్రులకు ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులలో ఒక్కరైనా దీన్ని ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంతకన్నా ముందు, సింధు ఒప్పందం ఐదో అధికరణం కింద పది వాయిదాలకూ రూపాయలలో వాస్తవంగా ఎంత చెల్లించామో, ఏ ఏ తేదీలలో చెల్లించామో చెప్పమని వచ్చే సమావేశంలో నక్షత్రగుర్తు లేని (రాతపూర్వక జవాబు మాత్రమే వచ్చే) ప్రశ్న అయినా వేయమని మా నియోజకవర్గ సభ్యుడికి విడిగా ఉత్తరం రాశాను. సమాధానం వస్తే మీకు పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత లెక్కల అధికారి,
హైదరాబాద్.